మడమ గుంటలు

కృష్ణయ్య పొద్దున్నే మంచం దిగడం ఆ ఇంట్లో ఒక్కడు చేసే పని కాదు. ముందు ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకోవాలి, కుడిచేత్తో గోడ పట్టుకోవాలి, "రామా" అని మూలగాలి, ఆ తర్వాత భార్య వెంకటమ్మ వచ్చి చంక కింద చెయ్యి వేయాలి. అప్పుడు గానీ ఆ మోకాళ్ళు లేవవు. లేచాక మాత్రం తనను ఎవరో లేపారంటే ఒప్పుకునే మనిషి కాదు. మీసం దువ్వుకుని, "ఏమే, ఆముదం కాగలేదా ఇంకా?" అని గద్దిస్తాడు. ఆముదం ఆలస్యమైనందుకే తాను ఇంతసేపు మంచం మీద ఉన్నట్టు!

"కాగింది, కాగింది. మోకాళ్ళు ఇటు పెట్టు" అంటుంది వెంకటమ్మ. ముప్పై ఏళ్ళుగా ఆమె ఆ మోకాళ్ళకు రాసిన ఆముదం ఒకచోట పోస్తే చిన్న కుంటవుతుంది.

కృష్ణయ్య చెక్కభజన గురువు. రెండు చేతుల్లో బిళ్ళలు బిగించిన చెక్కలు, కాళ్ళకు గజ్జెలు, పదహారు మంది ఎదురెదురుగా నిలబడి పాడుతూ, ఎగురుతూ, గిరుక్కున తిరుగుతూ ఆడే ఆట అది. కొల్లాపూర్‌కు రెండు కోసుల దూరంలో ఉన్న ఆ చిన్న ఊరి పేరు చుట్టుపక్కల ఎవరికైనా తెలుసంటే ఈయన వల్లే. ప్రతి శ్రీరామనవమికీ కృష్ణ ఒడ్డున జరిగే జాతరలో భజన జట్లకు పోటీ పెడతారు. గెలిచిన గురువు చేతికి వెండి మురుగు తొడుగుతారు. పదకొండేళ్ళుగా ఆ మురుగు కృష్ణయ్య చెయ్యి దాటి పోలేదు.

ఆయన గెలుపంతా మడమలో ఉందని ఆయన నమ్మకం. ఎగిరి దిగేటప్పుడు మడమ నేలను గుద్దాలి. గుద్దితే గుంట పడాలి. అందుకే ఏ గురువూ చేయని పని ఒకటి ఈయన చేసేవాడు. రోజువారీ సాధన, అదే తాలీం, అయిపోగానే పొన్నుకర్ర పట్టుకుని కళ్ళంలో ఒక్కొక్కడు ఆడిన చోటికీ పోయి, మడమ పడిన గుంటలో కర్ర దించేవాడు. కర్ర చివరి ఇత్తడి పొన్ను మునిగితే సరే. మునగలేదా, ఆ మనిషికి ఆ పూట తిట్లే తిండి.

"నా వయసుల నా మడమ గుంటల నీళ్ళు పోస్తే పిట్టలొచ్చి తాగేటియి" అని చెప్పుకునేవాడు. ఆ గుంటలు తవ్విన మోకాళ్ళకు ఆముదం ఎవరు కాచారో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

అవి పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులు. కిరసనాయిలు దొరకడం గగనమైపోయి, గ్యాసు లైటు అటకెక్కింది. అందుకని తాలీం తెల్లవారగానే, కోతలు అయిపోయి ఖాళీ పడిన కళ్ళంలో నడిచేది. ఈసారి జట్టు ముందు నిలబడి ఆడించేది కృష్ణయ్య కాదు, ఆయన ఒక్కగానొక్క కొడుకు కురుమూర్తి. ఆయన మోకాళ్ళు ఇక ఎగరనన్నాయి మరి.

జాతర ఇంకా ఎనిమిది రోజులుందనగా, కురుమూర్తి తాలీం నుంచి గోడ పట్టుకుని ఇంటికి వచ్చాడు. తండ్రి రాకముందే లోపలికి పోయి పంచె కిందికి లాక్కుని కూర్చున్నాడు. కానీ పెళ్ళై రెండేళ్ళయిన పెళ్ళాం కళ్ళు కప్పడం అంత సులువా? జమ్ములమ్మ దగ్గరికి వచ్చి పంచె పైకి తీసింది. కుడి మోకాలు చిన్న గుమ్మడికాయలా ఉంది.

"అయ్యో దేవుడా! ఇదేంది? ఎప్పటి సంది?"

"మెల్లగ మాట్లాడు. నాయిన ఇంటడు. నాలుగు దినాలాయె. గదే తగ్గుతది."

"అత్తా!" అని ఇల్లు అదిరేలా కేక వేసింది జమ్ములమ్మ.

జమ్ములమ్మది నడిగడ్డ, గద్వాల వైపు. పుట్టి పడవలో కృష్ణ దాటి ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. గొంతు పెద్దది, ధైర్యం ఇంకా పెద్దది. కోపం వస్తే పుట్టింటి కన్నడ మాటలు దొర్లుతాయి. కానీ ఒక్క కట్టుబాటు మాత్రం తప్పలేదు. కోడలు మామతో ఎదురుగా మాట్లాడకూడదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటున నిలబడి, "అత్తా, మామకు చెప్పు" అని మొదలుపెట్టాలి. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె మామ ముఖం చూసి మాట్లాడలేదు.

వెంకటమ్మ వచ్చి కొడుకు మోకాలు చూసింది. పోయి యేసయ్యను పిలుచుకొచ్చింది.

విరిగిన ఎముకలకు ఆకుపసరు కట్టు కట్టడంలో యేసయ్యను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ముసలాయన కురుమూర్తి మోకాలును అటూ ఇటూ నొక్కి చూశాడు. అప్పుడే కృష్ణయ్య పొన్నుకర్ర టకటకలాడిస్తూ లోపలికి వచ్చాడు.

"కృష్ణయ్యా, నీ కొడుకు ఎముక మంచిగనే ఉన్నది. లోపటి నరం మెలిపడ్డది" అన్నాడు యేసయ్య. "కాలేమో గుంటల దిగి ఆడనే పాతుకుంటది. నడుము మీది పెయ్యేమో గిర్రున తిరుగుతది. నడుమల మోకాలు ఏం గావాలె? తడి బట్టను పిండినట్టు పిండుకపోతుంది. ఇంకొక్కసారి గిట్లనే మెలిపడితె, మిరుగు వానలకు అరక కట్టేందుకు ఈ కాలు పనికిరాదు. నేను చెప్పేది చెప్పిన."

"నాకు ఎన్నిసార్లు వాయలే! నేను సచ్చిననా?" అన్నాడు కృష్ణయ్య. "పసరు కట్టి పో. జాతర ఎనిమిది దినాలుంది, గప్పటికి దిగుతది."

తలుపు చాటు నుంచి జమ్ములమ్మ గొంతు వినిపించింది. "అత్తా, మామకు చెప్పు. మామ సావలేదు, నిజమే. మరి మంచం దిగేటందుకు ఇద్దరు ఎందుకు గావాలె అని అడుగు."

యేసయ్య దగ్గు వచ్చినట్టు తల పక్కకు తిప్పుకున్నాడు. కృష్ణయ్య మీసం అదిరింది. "వెంకటమ్మా, నీ కోడలికి చెప్పు. భజన సంగతి ఆడోళ్ళకు ఏం తెల్వదు. పొయ్యి సంగతి సూసుకొమ్మను."

"నాకెందుకు తెల్వదు" అని గొణుక్కుంది జమ్ములమ్మ. వెంకటమ్మ మాత్రం కోడలి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదేమిటో జమ్ములమ్మకు అప్పుడు అర్థం కాలేదు.

రెండు రోజులు కురుమూర్తిని కాలు కింద పెట్టనివ్వలేదు. మూడోరోజు మధ్యాహ్నం, ఊరంతా కునికిపాట్లు పడే వేళ, జమ్ములమ్మ మొగుణ్ణి దిగుడుబావికి తీసుకుపోయింది. ఎండాకాలం కావడంతో నీళ్ళు అట్టడుగుకు పోయాయి. పై నుంచి డెబ్బై మెట్లు దిగాలి. ఊరి ఆడవాళ్ళు పొద్దున నాలుగు బిందెలు, సాయంత్రం నాలుగు బిందెలు ఆ మెట్ల మీదే తెస్తారు.

"నాతోని నీళ్ళు మోపిస్తవా ఏంది?" అన్నాడు కురుమూర్తి నవ్వుతూ.

"మోపిస్త. ముందు నన్ను సూడు."

బిందె నిండా నీళ్ళు ముంచి నెత్తిన పెట్టుకుని ఆమె పైకి ఎక్కింది, మళ్ళీ దిగింది. మలుపు దగ్గర గిరుక్కున తిరిగింది. బిందెలో నీళ్ళు కదిలాయే గానీ తొణకలేదు.

"రాతి మీద తడి అడుగులు సూడు. ముందు ఏం పడ్డది?"

కురుమూర్తి వంగి చూశాడు. వేళ్ళూ, మునిగాలూ ముద్ర వేసినట్టున్నాయి. మడమ ఉన్న చోట లేత తడి మాత్రమే ఉంది.

"మునిగాలు."

"ఆఁ! మునిగాలు ముందు. మోకాలు జర వదులుగ ఉంచాలె, కట్టె లెక్క బిగపట్టొద్దు. గప్పుడు నడుము ఆ కాలి మీదికి ఒరగాలె. బరువు నడుములకెల్లి తొడలకు, తొడలకెల్లి కాలికి నిమ్మలంగ దిగాలె. మడమ ఆఖర్న వచ్చి సుట్టం లెక్క కూసోవాలె. నువ్వేమో మడమనే ముందు పెండ్లికొడుకు లెక్క దింపుతవ్. బరువంత ఒక్కసారే మోకాలి మీద పడుతది."

"మరి తిరుగుడు?"

"మడమ లేపినంకనే తిరగాలె. బరువు మునిగాలి మీద ఉంటె కాలు కూడ నీతోనే తిరుగుతది, మోకాలు మెలి పడదు. ముందు నడుము తిరగాలె. ఎన్క భుజం. తల ఆఖర్న."

"గజ్జెలు మోగొద్దా? నాయిన ఊకుంటడా?"

"గజ్జెలు మడమకు కట్టినవా? పిక్క కింద కట్టినవ్. పిక్క అదిరితె మోగుతయ్. మడమ గుద్దితె సప్పుడు భూమిలకు పోతది. నీ గజ్జెకు ఏం మిగులుతది?"

కురుమూర్తి తలకు రుమాలు చుట్టుకుని బిందె ఎత్తుకున్నాడు. మొదటిరోజు నిలువునా తడిశాడు. రెండోరోజు సగం నీళ్ళు మిగిలాయి. నడుము ఒరగాల్సిన చోట సిగ్గుతో బిగుసుకుపోయేవాడు. "నడుముకు సిగ్గేంది? నడుమే తిరగకపోతె మోకాలు తిరుగుతది, ఏది గావాలె నీకు?" అని పెళ్ళాం గదిమేది. అలా గదిమించుకుంటూనే నేర్చుకున్నాడు. వాపు దిగింది. అంతకన్నా వింత ఏమంటే, ఎంతసేపు ఎగిరినా ఆయాసం రావడం లేదు. నేలను గుద్దడానికి ఖర్చయ్యే బలమంతా ఇప్పుడు మళ్ళీ ఎగరడానికి మిగులుతోంది.

ఇది ఎన్నాళ్ళు దాగుతుంది? జాతర మూడు రోజులుందనగా, కురుమూర్తి మళ్ళీ తాలీంకు వచ్చాడు. ఆడాడు. తాలీం అయ్యాక కృష్ణయ్య పొన్నుకర్ర పట్టుకుని బయల్దేరాడు. జట్టులోని బాలయ్య చోట పొన్ను మునిగింది. అందరి చోటా మునిగింది. కొడుకు ఆడిన చోట కర్ర దించబోతే దించడానికి గుంటే లేదు. దుమ్ము మీద మునిగాళ్ళు గీసిన సన్నటి సున్నాలు మాత్రం ఉన్నాయి, ముగ్గు వేసినట్టు.

"ఇదేంది?"

కురుమూర్తి నోరు తెరిచేలోపే బాలయ్య ఉండబట్టలేక అనేశాడు. "నిన్న గొర్లు మేపుతుంటె సూసిన గురువా. బాయి మెట్ల మీద బిందె ఎత్తుకొని ఆడోళ్ళ లెక్క నడుము తిప్పుతుండు. పక్కన పెండ్లాం నేర్పుతుంది."

కృష్ణయ్య కొడుకు భుజం పట్టుకుని ఇంటి దాకా నడిపించాడు. వెనకాల పదిహేను మందీ వచ్చారు. ఇలాంటిది చూడకుండా ఇంటికి ఎవరు పోతారు?

"వెంకటమ్మా!" వాకిట్లో నిలబడి అరిచాడు కృష్ణయ్య. "బయటికి రా! నీ కొడుకు మొగోడు గాదంట. ఆడదాని నడక నేర్సిండు! పదకొండేండ్ల ఇజ్జత్ బాయిల కలిపిండు!"

"నాయినా, జర ఇను. మోకాలు—"

"ఆడరానోడు మద్దెల ఓడన్నడంట! మోకాలు, మోకాలు! ఈ బండల మీద ఆడు. ఇప్పుడే, అందరి ముంగట. మడమ మోగాలె. లేకుంటె గజ్జెలు ఇప్పి బాలయ్యకు ఇయ్యి. మళ్ళ నా ఇంట్ల అడుగు పెట్టకు."

వాకిలంతా రాతి బండలు. కళ్ళంలో కనీసం దుమ్ము ఉంది, మడమ దిగడానికి. రాతి మీద మడమ దిగదు, మోకాలే దిగిపోతుంది. కురుమూర్తి తండ్రి ముఖం చూశాడు, తల్లి ముఖం చూశాడు. గజ్జెలు బిగించుకోవడానికి వంగాడు. ఆడతాడు. మోకాలు పోతుందని తెలిసీ ఆడతాడు. ఎందుకంటే తండ్రి మాట కాదనడం వాడికి ఎవరూ నేర్పలేదు.

"అత్తా, మామకు చెప్పు..." తలుపు చాటు నుంచి జమ్ములమ్మ గొంతు మొదలైంది. ఆగింది. "సాకు! సాకత్తా! చాలు! నువ్వేం చెప్పకు. నేనే చెప్త."

జమ్ములమ్మ గడప దాటి వాకిట్లోకి వచ్చింది. తల మీద కొంగు ఉంది, కానీ కళ్ళు సూటిగా మామ ముఖం మీదే ఉన్నాయి. ఎవరో "అబ్బో" అన్నారు.

"మామా, నీ కొడుకు మొగోడే. నువ్వు ఆడమంటె కాలు ఇర్గినా ఆడుతడు. కానీ గా కాలు నీ ఒక్కనిది గాదు. రేపు అరక నడిచేటందుకు గావాలె. నాకు పుట్టబోయే బిడ్డలను ఎత్తుకునేటందుకు గావాలె. గా కాలు నేనియ్య."

"ఏయ్ పిల్లా! లోపటికి పో!"

"పోను. ఆడిదాని నడక అన్నవ్ గదా? సూడు ఆడిదాని నడక."

మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుని గజ్జెలు విప్పింది. తన కాళ్ళకు కట్టుకుంది. ఆ ఊళ్ళో ఒక ఆడమనిషి భజన గజ్జెలు కట్టడం అదే మొదలు. నీళ్ళతొట్టిలో బిందె నిండా ముంచి, అంచుల దాకా నీళ్ళతో నెత్తిన పెట్టుకుంది.

"ఈ ఎండిన బండల మీద ఒక్క చుక్క పడ్డా, గిప్పుడే పుట్టి ఎక్కి నడిగడ్డకు పోత. మళ్ళ ఈ గడప తొక్క. పడకపోతె నా పెనిమిటి నేను నేర్పినట్టే ఆడుతడు. చెక్కలు కొట్టు బాలయ్యా!"

బాలయ్య గురువు వైపు చూశాడు. గురువు రాయిలా నిలబడ్డాడు. వెంకటమ్మ గొంతు వినిపించింది. "కొట్టు రా."

చెక్కలు మోగాయి. జమ్ములమ్మ కదిలింది. ముందు మెల్లగా, తర్వాత జోరుగా. కాలు దిగిన చోటల్లా నడుము ఆ వైపుకు ఒరిగి మళ్ళీ వచ్చేది. మోకాళ్ళు వంగి లేచేవి. ఒళ్ళంతా ఆడుతుంటే తల మాత్రం నిలకడగా ఉంది. గజ్జెలు అంత స్పష్టంగా మోగడం జట్టులోవాళ్ళు ఎప్పుడూ వినలేదు. మడమల దబదబలో ఇన్నేళ్ళూ గజ్జెల సవ్వడి మునిగిపోయిందని వాళ్ళకు ఇప్పుడు తెలిసింది. చివర్న గిరుక్కున మూడు చుట్లు తిరిగి ఆగింది. బిందె దించి మామ ముందు పెట్టింది. బండల మీద చుక్క తడి లేదు.

కృష్ణయ్య పెదవి కదిలింది. "నీళ్ళు మోసుడు వేరు. దేవుని ముంగట ఆడుడు వేరు. నా ఇంట్ల—"

"ఆగు" అంది వెంకటమ్మ.

ఆమె చేతిలో ఆముదం గిన్నె ఉంది. పొద్దున రాయగా మిగిలింది. ముప్పై ఏళ్ళలో ఆమె పదిమందిలో మొగుణ్ణి ఆగమనడం ఇదే మొదటిసారి.

"నేను ఈ ఇంటికొచ్చిన రెండో ఏడాది, గిదే వాకిట్ల, నీ మోకాలు మొదటిసారి వాచినప్పుడు నేనేం చెప్పిన? 'మడమ లేపి తిరుగయ్యా, మేము బాయి మెట్ల మీద గట్లనే తిరుగుతం' అన్న. యాదికున్నదా?"

"లేదు."

"నాకున్నది. జట్టునంత పిలిచినవ్. తువ్వాల కొంగు లెక్క ఏసుకున్నవ్. నెత్తిన నా కొత్త కుండ పెట్టుకొని నా నడక నడిచి సూపించినవ్. నడుము తిప్పుకుంట, ఒరుగుకుంట. అందరు కడుపులు పట్టుకొని నవ్విండ్రు. నేను గా తలుపు చాటుకు నిలబడి ఏడ్సిన."

కృష్ణయ్య కళ్ళు దించుకున్నాడు. గుర్తుందని అందరికీ తెలిసిపోయింది.

"నవ్వుతుంటె నీకు ఊపొచ్చింది. గంటసేపు ఎగిరినవ్. నా నడకనే నడుస్త ఎగిరినవ్. గా దినం నువ్వు నన్ను ఆముదం అడగలే. ముప్పై ఏండ్లల్ల నువ్వు ఆముదం అడగని దినం గదొక్కటే. నన్ను ఎక్కిరించిన దినం." ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "నీ కాళ్ళకు తెలుసు, నీకే తెల్వలే. నీ మోకాళ్ళకు రాసిన. రాస్త. కానీ నా కొడుకు మోకాళ్ళకు ఆముదం కాచే రోజు వస్తె, గా పొయ్యిల నేనే పడుత."

ఆమె గిన్నె బోర్లించింది. ఆముదం బండల సందుల్లోకి జారిపోయింది. మొగుడి ముఖం కూడా చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

జట్టు ఒక్కొక్కరే జారుకున్నారు. కృష్ణయ్య అరుగు మీద కూర్చుండిపోయాడు. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. సాయంత్రానికి లేచి తలుపు దగ్గరికి వచ్చి, లోపల బియ్యం చెరుగుతున్న భార్యను అడిగాడు.

"గంత యాదికుంటె మళ్ళ ఎందుకు చెప్పలే?"

"నవ్విన నోటికి ఎన్నిసార్లు చెప్తరు?" అంది ఆమె తల ఎత్తకుండా.

మర్నాడు పొద్దున ఆముదం వాసన లేకుండా ఆ ఇల్లు తెల్లవారింది. వెంకటమ్మా కోడలూ బిందెలు పట్టుకుని బావికి పోయారు. వాళ్ళు ఇరవై మెట్లు దిగారో లేదో, పైన ఆడవాళ్ళంతా కిలకిలా నవ్వడం వినిపించింది. వెనక్కి తిరిగి చూస్తే, కృష్ణయ్య! ఒక చేతిలో పొన్నుకర్ర, చంకలో బిందె, తలకు చుట్టిన తువ్వాల.

"ఏంది గురువా, నీళ్ళ పని పట్టినవా?" అని ఎవరో వేళాకోళం చేశారు.

"నవ్వుండ్రి!" అన్నాడు కృష్ణయ్య, బావి మారుమోగేలా. "మంచిగ నవ్వుండ్రి! గప్పుడు ఎక్కిరించేటందుకు నడిచిన. ఇయ్యాల నేర్సుకునేటందుకు వచ్చిన. ఎవరేమనుకుంటె నాకేంది!"

పొన్నుకర్రను మొదటి మెట్టు మీదే వదిలేశాడు. గోడ పట్టుకుని భార్య నిలబడ్డ మెట్టు దాకా దిగాడు. చెమటలు కారుతున్నాయి.

"నేర్పు" అన్నాడు.

వెంకటమ్మ తన బిందెను మెట్టు మీద పెట్టింది. "మడమ లేపు. మునిగాలు ముందు పెట్టు. మోకాలు బిగపట్టకు. ఆఁ, ఇప్పుడు నడుము ఒరగనియ్యి."

ఒక మెట్టు. ఇంకో మెట్టు. మూడో మెట్టు మీద కృష్ణయ్య ఆగిపోయాడు. మోకాలు అరవలేదు. ముప్పై ఏళ్ళుగా మెట్టు మెట్టుకూ అరిచే మోకాలు, అరవలేదు. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు జలజలా కారాయి.

"తప్పయింది వెంకటమ్మా. శాన తప్పయింది."

ఆమె కళ్ళూ నిండాయి. కొంగుతో తుడుచుకుని, "మెట్టు సూడు, నా మొకం కాదు. పడ్తవ్" అంది.

జాతరలో కురుమూర్తే ముందు నిలబడ్డాడు. రెండు రోజుల్లో పదహారు మందీ మారలేరు కదా! ఐదారుగురు పట్టుకున్నారు, మిగతావాళ్ళు పాత మడమలే గుద్దారు, జట్టు రెండు రకాలుగా ఆడింది. "ఆడోళ్ళ నడక! ఆడోళ్ళ నడక!" అని అవతలి జట్టు కేకలు పెట్టింది.

"అవ్!" అని కృష్ణయ్య జనంలోంచి ఎదురు కేక వేశాడు. "మా ఇంటి ఆడోళ్ళ నడకనే! చేతనైతె ఆడుండ్రి!"

తీర్పు చెప్పే పెద్దలు మడమ మోగలేదన్నారు. మురుగు అవతలి గురువు శంకరయ్యకు పోయింది. కృష్ణయ్య పదకొండేళ్ళ మురుగును తనే విప్పి ఇచ్చాడు. చెయ్యి కాసేపు బోసిగా అనిపించింది. అంతలో కొడుకు, రెండు గంటలు ఎగిరిన కొడుకు, బండి చక్రం మీద కాలు పెట్టి ఒక్క గంతులో బండెక్కాడు. వెనక జమ్ములమ్మకు చెయ్యి అందించాడు. అది చూశాక కృష్ణయ్య మురుగు సంగతి మరిచిపోయాడు.

బండి కదలబోతుంటే శంకరయ్య వచ్చాడు. ఆయనదీ కృష్ణయ్య వయసే. చేతికి అప్పుడే తొడిగిన మురుగు తళతళలాడుతోంది. కాళ్ళు మాత్రం ఒకదాని వెనక ఒకటి ఈడ్చుకుంటూ వచ్చాయి. జనం దూరమయ్యే దాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాడు.

"కృష్ణయ్యా, నిజం చెప్పు. మీవోడు గంతసేపు ఆడి గట్లెట్ల ఎగిరి ఎక్కిండు? నేను పొద్దుగాల మంచం దిగాలంటె ఇద్దరు పట్టాలె. ఏం మందు పెట్టినవ్?"

"నన్నడగకు అన్నా. నేనే మొన్న చేరిన. గురువు గామె" అని కృష్ణయ్య బండిలో కూర్చున్న వెంకటమ్మను చూపించాడు.

వెంకటమ్మ కొంగు సర్దుకుంది. ముప్పై ఏళ్ళ కింద తలుపు చాటున ఏడ్చిన మనిషి, ఇప్పుడు మొహమాటపడకుండా శంకరయ్య కాళ్ళను పై నుంచి కింది దాకా పరీక్షగా చూసింది.

"అన్నా, మీ ఇంట్ల బిందె ఉన్నదా?" అంది.